మూడు గ్లాసుల ఆట

విరిగిన పన్ను ముక్క సాసర్లో ఉంది. బియ్యపు గింజలో సగం కూడా లేదు గానీ, దాని చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడిపోయారు.

అద్దం ముందు నుంచి కూతురు బుల్లి కదలడం లేదు. పై పెదవిని వేలితో ఎత్తి చూసుకుంటోంది, వదిలేస్తోంది, మళ్ళీ ఎత్తుతోంది. ముందు పన్ను అంచు ఏటవాలుగా ఎగిరిపోయింది. పోనీ ఏ రాయో కొరికిందా అంటే అదీ లేదు. కాల్చిన రొట్టెముక్క. అదీ టీలో నానబెట్టింది.

“ఏదో బలహీనంగా ఉన్న పన్ను అయ్యుంటుంది,” అన్నాడు మాస్టారు చివరికి.

“ఆ బలహీనం ఎక్కణ్ణుంచి వచ్చిందో అదీ మీరే చెప్పండి,” అంది భార్య మడతక్క.

ఆయన బూట్లు వేసుకోవడంలో పడ్డాడు. ఫ్యాక్టరీ బస్సు వచ్చే వేళయింది.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాడు. కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో రుచి చూసే గదికి పెద్ద. కొత్తగా కలిపిన ప్రతి తొట్టి నుంచీ ఒక గ్లాసు ఆయన ముందుకి వస్తుంది. ఆయన పుక్కిట పట్టి, పళ్ళ మీదుగా అటూ ఇటూ తిప్పి, ఉమ్మేసి, సరేనంటేనే ఆ సరుకు సీసాల్లోకి ఎక్కుతుంది. తల అడ్డంగా ఊపాడంటే తొట్టి తొట్టంతా మురుగు కాలవ పాలు. అక్కడ ఆయన మాటకి అంత విలువ. ఇంట్లో మాత్రం ఎప్పుడూ లేదు, ఒక్క కూతురి దగ్గర తప్ప.

“రేపు ఉద్యోగానికి పరీక్ష పెట్టుకుని ఇవాళ పన్ను విరగ్గొట్టుకుందేమిటే ఈ పిల్ల,” అంది పెద్దావిడ, మాస్టారి తల్లి. ఆవిడ చేతిలో పొద్దున్నే డైట్ సోడా గ్లాసు. నురగ ఇంకా చిటపటలాడుతోంది.

“అత్తయ్యా, పరగడుపున అది తాగొద్దని ఎన్నిసార్లు చెప్పాను?”

“నాకు డాక్టరు పంచదార మానమన్నాడు. ఇందులో పంచదార లేదు. ఇంక నన్నేం చేస్తుందే? పళ్ళు పాడవుతాయనుకుందామా, నా పళ్ళు అదిగో, ఆ గిన్నెలో ఉన్నాయి.”

మడతక్క వాదించలేదు. ఆవిడతో వాదించే ఓపిక ఈమధ్య మిగలడం లేదు. హోటలు లాండ్రీలో రోజంతా దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతలు పెట్టడం ఆమె పని. ఆమె మడత పెడితే అంచుకి అంచు తప్పదని అక్కడివాళ్ళు పెట్టిన పేరు ఇంటి దాకా వచ్చింది. ఫోన్ చేసి పూట సెలవు అడిగితే సూపర్‌వైజరు, “మరి రెండో కొస ఎవరు పట్టుకుంటారు?” అన్నాడు. ఇంట్లో రెండో కొస పట్టుకునేవాళ్ళు ఎవరని ఆమె ఎవర్నడగాలి.

“నువ్వు దాన్ని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఏదో అతికిస్తారు,” అన్నాడు మాస్టారు గుమ్మం దగ్గర. “రేపటికి నోరు బాగుండాలి. లోపలికి పిలవగానే ముందు నోరే చూస్తారు.”

“రేపటి సంగతి మానండింక. పిల్ల నెల రోజులుగా చన్నీళ్ళు ముట్టుకోవడం లేదు. పళ్ళు జివ్వుమంటున్నాయని వేడి చేసుకుని తాగుతోంది. అది మీకు కనబడలేదా?”

“సాయంత్రం మాట్లాడుకుందాం.”

సాయంత్రం మాట్లాడుకోవడం అనేది ఆ ఇంట్లో వారం రోజులుగా నడుస్తోంది. రుచి గదిలో ఒక ఖాళీ వచ్చిందని ఆయన చెప్పిన నాటి నుంచీ.

*

పళ్ళ డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి, దీపం దగ్గరికి లాగి చాలాసేపు చూసింది. మడతక్కని కూడా దగ్గరికి రమ్మంది.

“చూశారా, అంచులు అద్దంలా ఎలా అయిపోయాయో? వెలుతురు ఇటు నుంచి అటు పోతోంది. దవడ పళ్ళ మీద గుంటలు చూడండి. ఇది పుచ్చు కాదు. పైపొర కరిగిపోతోంది.” బుల్లి వైపు తిరిగింది. “నిమ్మకాయలు చప్పరిస్తావా?”

“లేదండీ.”

“తిన్నది తరచు వాంతవుతుందా? దాచకుండా చెప్పు.”

“లేదండీ. డైట్ సోడా తాగుతానండీ. అందులో చక్కెర లేదు కదా.”

“చక్కెర లేకపోతే పుచ్చు విషయంలో కాస్త నయం. కానీ పులుపు ఉంది కదమ్మా. చక్కెర సోడాలో ఎంత ఉంటుందో ఇంచుమించు ఇందులోనూ అంతే. పంటికి నీ చక్కెర లెక్క తెలీదు. పులుపు తగిలితే కరుగుతుంది.” ఆవిడ అద్దం పక్కన పెట్టింది. “అయినా తాగే వాళ్ళందరికీ ఈ వయసులో ఇంతలా అవదు. నువ్వెలా తాగుతావేంటి?”

బుల్లి తల్లి వైపు చూసింది. తర్వాత పక్కనున్న గ్లాసులోంచి నీళ్ళు నోట్లో పోసుకుంది. కళ్ళు మూసుకుంది. బుగ్గలు ఒకటి తర్వాత ఒకటి పొంగాయి. నీళ్ళని నాలుక కింద కాసేపు ఆపింది, ముందు పళ్ళ సందుల్లోంచి సన్నగా లోపలికి లాగింది, తల కొంచెం ఎడమ వైపుకి వంచింది. అచ్చం వాళ్ళ నాన్న. తల వంచడంతో సహా. మడతక్కకి ఒక్క క్షణం కుర్చీలో మొగుడే కూర్చున్నట్టు అనిపించింది.

“ఇదేంటి?” అంది డాక్టరమ్మ.

“రుచి చూడ్డం. నాన్న నేర్పాడు. రాత్రి అన్నాలకి ముందు మూడు గ్లాసులు పోస్తాడు. ఏది నిన్నటిదో, ఏది ఎండలో పెట్టిందో, ఏది మూత వదులైందో చెప్పాలి. చల్లగా ఉంటే రుచి దాక్కుంటుందని మామూలుగానే తాగుతాం. నేను ఒక్కటి కూడా తప్పు చెప్పను.” ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల విరిగిన పన్ను సంగతి మర్చిపోయి నవ్వింది. “ఒక గ్లాసుకీ ఇంకో గ్లాసుకీ మధ్య బ్రష్ చేసుకుంటా. పాత రుచి మిగిలితే లెక్క తప్పుతుందని.”

“పేస్టుతోనా?”

“ఉత్త బ్రష్షుతో. గట్టిగా.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

“పులుపుతో పొర మెత్తబడుతుంది. అప్పుడు నీళ్ళు పుక్కిలించి ఊరుకుంటే కాసేపటికి ఉమ్మి దాన్ని మళ్ళీ గట్టి పరుస్తుంది. నువ్వు మెత్తబడ్డ నిమిషానికే బ్రష్షు పెట్టి తోమేస్తున్నావు. ఎన్నేళ్ళ నుంచి?”

“చిన్నప్పట్నుంచీ.”

డాక్టరమ్మ అతుకు సామాను దగ్గరికి లాక్కుంది.

విరిగిన చోట అతుకు పెట్టడం ఎంతోసేపు పట్టలేదు. పిల్ల బయట ముఖం కడుక్కుంటున్నప్పుడు డాక్టరమ్మ మడతక్కని ఆపింది.

“నేను అతికించింది నిలవాలంటే అది ఆగాలి. పోయిన పొర మళ్ళీ పెరగదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి.”

“రేపు దానికి రుచి గదిలో ఉద్యోగానికి పరీక్షండీ. ఇంక రోజంతా అదే పని.”

“నన్నడిగితే వద్దంటాను. ఈ పిల్ల ఎవరి మాట వింటుంది?”

“వాళ్ళ నాన్న మాట.”

“అయితే ఆయన చేతే చెప్పించండి. ఎప్పుడో కాదు, ఇవాళే.”

మడతక్క గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “మా అత్తగారు నీళ్ళ బదులు అదే తాగుతారండీ. పళ్ళు ఎలాగూ లేవు. ఆవిడకేమైనా అవుతుందా?”

“నేను పళ్ళ వరకే చెప్పగలను. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళలో షుగరూ గుండె జబ్బులూ ఎక్కువగా కనబడుతున్నాయంటారు. దానివల్లేనా, ఇంకేదైనా ఉందా అన్నది తేలలేదు. ఆవిడ డాక్టర్ని అడగండి. ఆవిడ తాగేది నల్ల సోడా అయితే కాఫీ తాగినట్టే, నిద్ర మాత్రం సరిగా పట్టదు.”

“ఆవిడ నిద్రపోరండీ. మమ్మల్నీ పోనివ్వరు,” అంది మడతక్క. నవ్వాలనుకుంది గానీ నవ్వు రాలేదు.

బస్సులో తల్లీ కూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. రెండు స్టాపులు దాటే దాకా బుల్లి కిటికీలోంచి చూస్తూనే ఉంది.

“నేను రేపు వెళ్తానమ్మా.”

“డాక్టరమ్మ చెప్పింది విన్నావుగా.”

“విన్నా. కాలేజీలో నేను వెనక బెంచీ. కంప్యూటర్ నేర్చుకోమన్నారు, రాలేదు. బట్టల షాపులో నిలబెట్టారు, నాలుగు రోజులకి పంపించేశారు. నాకు బాగా వచ్చిన పని ఇదొక్కటే. నువ్వు దుప్పటి మడత పెడితే అందరూ చూస్తారు చూడు, నాకూ అలా ఒకటుంది. అది వదిలేసి ఏం చెయ్యమంటావ్?”

మడతక్క పిల్ల చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. వేడి కాలిన మచ్చలున్న తన చేతుల్లో ఆ చెయ్యి ఇంకా చిన్నపిల్ల చెయ్యిలాగే ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది, బస్సులో ఉన్నామని ఆపుకుంది.

*

ఆ రోజు ఫ్యాక్టరీలో సీసాలు ఇచ్చే రోజు. లేబుల్ వంకరగా అంటుకున్నవి బయట అమ్మకానికి పనికిరావు కాబట్టి వారానికో పెట్టె చొప్పున పనివాళ్ళకి పంచుతారు. ఆ ఇంట్లో నీళ్ళ కుండ ఎండిపోయిన రోజులున్నాయి గానీ వంకర లేబుల్ సీసా లేని రోజు లేదు. మాస్టారు పెట్టె తెచ్చి, అలవాటుగా కాలితో బల్ల కిందకి తోశాడు.

“దాన్ని బయట పెట్టండి,” అంది మడతక్క.

“ముందు పిల్ల ఎలా ఉందో చెప్పు.”

“పడుకుంది. నోరు మొద్దుబారిందని. ఆ పెట్టె బయట పెట్టండి, చెప్తాను.”

ఆయన పెట్టలేదు. కుర్చీలో కూలబడ్డాడు. ఆమె నిలబడే డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. పుక్కిలించడం సంగతి, బ్రష్షు సంగతి, కరిగిన పొర సంగతి. గొంతు పెంచలేదు. గొంతు పెంచడానికీ కొంత బలం కావాలి.

“ఇంతకీ నన్నేం చెయ్యమంటావ్?” అన్నాడాయన.

“ఒక్క మాట. రేపు వెళ్ళొద్దని చెప్పండి. నేను చెప్తే నా గోల అనుకుంటుంది. మీరు చెప్తే ఆగిపోతుంది.”

“అలాంటి నాలుక ఎంతమందికి ఉంటుందో తెలుసా నీకు? మా గదిలో పదేళ్ళు చేసినవాడికి పట్టుబడని తేడా అది కళ్ళు మూసుకుని చెప్తుంది. దాని కాళ్ళకి నేనే అడ్డం పడనా?”

“పళ్ళు పోయాక ఆ నాలుకని ఏం చేసుకుంటుంది?”

“పళ్ళు పళ్ళని పొద్దుట్నుంచీ ఒకటే నస. డాక్టర్లన్నాక భయపెట్టకపోతే వాళ్ళకెలా గడుస్తుంది? ఇదిగో, నన్ను చూడు.” ఆయన దీపం కిందకి వచ్చి నోరు తెరిచాడు. “బుల్లికి ఊహ తెలియక ముందు నుంచీ నాది ఇదే పని. ఒక్కటైనా అరిగిందా? విరిగిందా? చూసి చెప్పు.”

మడతక్క చూసింది. తెల్లగా, వరసగా, ఒకే తీరుగా ఉన్నాయి. డాక్టరమ్మ చూపించిన అద్దపు అంచులు ఎక్కడా లేవు. రోజంతా మోసుకొచ్చిందంతా ఆ నోటి ముందు తేలిపోయింది.

“బాగుండవుట్రా మరి,” అంది పెద్దావిడ మంచం మీంచి, మెచ్చుకోలుగా. “సరిచేయించుకున్నాక ఎంత ముచ్చటగా ఉన్నాయో. అంతకు ముందు పన్ను మీద పన్నెక్కి, నవ్వితే నాకే నవ్వొచ్చేది.”

మాస్టారు నోరు మూసుకున్నాడు.

“ఏం సరిచేయించుకున్నారత్తయ్యా?”

“అదేనే, ఏదో ట్రైనింగని వేరే ఊరు వెళ్ళొచ్చాడు చూడు రెండేళ్ళ కిందట, అప్పుడు. రాగానే నేను పోల్చేశాను. నేను కన్న నోరు నాకు తెలీదా. ఎవరితో అనకమ్మా, సిగ్గుగా ఉంది అన్నాడు. నీకు తెలుసనుకున్నానే అమ్మాయ్. మొగుడి పళ్ళు పెళ్ళానికి తెలీకుండా ఉంటాయా?”

ఉంటాయి. ఆయన బస్సెక్కే వేళకి ఆమె వంటింట్లో ఉంటుంది. ఆమె దుప్పట్ల దగ్గర్నుంచి వచ్చే వేళకి ఆయన టీవీ ముందు ఉంటాడు. ఒకరి ముఖం ఒకరు తేరిపార చూసుకుని ఎన్నాళ్ళయిందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు. ఆ ఊరి నుంచి వచ్చాకే ఆయన గుబురు మీసం పెంచాడు. బాగుందని తనే ఒకసారి అంది కూడా. మడతక్కకి కోపం కంటే ముందు సిగ్గేసింది.

“ఎన్ని?” అంది.

“పైన ఆరు. కింద నాలుగు.” ఆయన నేల చూస్తున్నాడు. “క్యాపులు. లోపల ఉన్నవి అరగదీసి పైన తొడిగారు.”

“అంటే మీకు తెలుసు.”

“మా గదిలో అందరివీ అంతే. కంపెనీ వాళ్ళే వేయిస్తారు. బయట ఎవరితోనూ అనొద్దంటారు.”

“ఆ ఎవరితోనూలో మీ పిల్ల కూడా ఉందా?”

పెద్దావిడ గ్లాసు కింద పెట్టింది. ఏదో తప్పు మాట్లాడానని ఆవిడకి అర్థమైంది గానీ ఏదో అర్థం కాలేదు.

“మేం రోజంతా చేస్తాం,” అన్నాడు మాస్టారు. “దానిదెంతలే, రాత్రి పూట మూడు గ్లాసులు అనుకున్నాను. బ్రష్షుతో ఇంకా అరుగుతుందని నిజంగా తెలీదు. మాకూ అలాగే నేర్పారు.”

“అనుకోవడం సరే. మీ పళ్ళు కరిగిపోయాక కూడా అదే అనుకున్నారా? రెండేళ్ళు. రెండేళ్ళు రోజూ కూర్చోబెట్టి పోశారు.”

“ఆపుదామనే అనుకున్నా. రేపు ఆపుదాం, ఎల్లుండి ఆపుదాం.” ఆయన బల్ల కింది పెట్టె వైపు చూశాడు. “ఈ ఇంట్లో నా దగ్గరికొచ్చి కూర్చునేది అదొక్కతే. అదీ ఆ మూడు గ్లాసులు అయ్యేదాకే. ఆట మానేద్దామంటే తర్వాత నాతో మాట్లాడ్డానికి దానికేముంది?”

మడతక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన అరిచి ఉంటే తనూ అరిచేది. ఆయన్ని క్షమించలేదు, క్షమించదు కూడా. కానీ ఆ మాట అబద్ధం కాదని తనకీ తెలుసు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

“లేవండి. లోపలికెళ్ళి మీ నోటితో చెప్పండి. ఈ క్యాపుల సంగతీ చెప్పండి, వెళ్ళొద్దనీ చెప్పండి.”

“చెప్పక్కర్లేదు,” అంది బుల్లి.

గది గుమ్మంలో ఎప్పట్నుంచి నిలబడిందో. జుట్టు చెదిరి ఉంది, చెంప మీద దిండు చారలు. నడిచి వచ్చి తండ్రి ముందు ఆగింది.

“నోరు తెరువు నాన్నా.”

పెళ్ళాం ముందు దర్జాగా తెరిచిన నోటిని ఆయన ఈసారి బడి పిల్లాడిలా తెరిచాడు. బుల్లి ఆయన గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది. ఒక్కొక్క పన్నూ చూసింది. గోటితో ఒకదాన్ని తట్టింది.

“నొప్పెట్టిందా?”

“చేసేటప్పుడు తెలీదు. తర్వాత కొన్నాళ్ళు పెట్టింది.” ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “వద్దమ్మా. రేపు వెళ్ళకు. నేను వాళ్ళకేదో సర్దిచెప్తాను. తప్పు నాది. నువ్వు వెళ్ళొద్దు.”

పొద్దుట్నుంచి మడతక్క ఎదురుచూసిన మాట వచ్చేసింది. ఆమె భుజాలు ఒక్కసారిగా బరువు దించినట్టయ్యాయి. లేచి పిల్లకి ఇంత అన్నం పెట్టాలని గుర్తొచ్చింది. పొద్దున్న పన్ను విరగ్గొట్టిన ఆ రొట్టె తర్వాత పిల్ల ఏమీ తినలేదు.

బుల్లి మాత్రం కదల్లేదు. తండ్రి ముఖంలోకే చూస్తోంది.

“ఒక్కటి చెప్పు నాన్నా. అవి వేయించాక రుచి తెలుస్తోందా? ముందటి లాగే?”

మడతక్కకి ఆ ప్రశ్న ఎటు పోతుందో తెలిసింది. కూతురి భుజం మీంచి మొగుడి కళ్ళలోకి చూసింది. లేదనండి. చప్పగా ఉంటోందనండి. ఇంట్లో అందరికీ రెండేళ్ళు అబద్ధం చెప్పిన మనిషి, ఇంకొక్కటి చెప్పలేరా? ఆ ఒక్కటీ చాలు, పిల్ల ఆగిపోతుంది.

ఆయనకి ఆ చూపు అర్థమైంది. అర్థమైనట్టు కనబడింది కూడా. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. జీవితంలో రుచి విషయంలో మాత్రం ఆయన ఎవరికీ తప్పు చెప్పి ఎరగడు.

“తెలుస్తోందమ్మా,” అన్నాడు. “ఏం తేడా లేదు.”

“అయితే ఇంకేం,” అంది బుల్లి. “నాకూ వేయిస్తారుగా.”

తండ్రి గడ్డం వదిలేసి, రేపు వేసుకోవాల్సిన బట్టలు తీసి పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది.